ఎడమ చక్రాల విషయంలో నాకు తోడు నిలిచినవారికి కృతజ్ఞతలు

గత జూలైలో నా కారు ఎడమవైపు అల్లాయ్ (అల్యూమినియం మిశ్రమలోహపు) చక్రాలు రెండూ దెబ్బతిన్న తరువాత, అడిగిన వెంటనే వచ్చి చూసి, నేను చేయబోతున్న పెద్ద పొరపాటును ఆపిన ముగ్గురికి నలుగురి ఎదుట ధన్యవాదాలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. తమ పేర్లు రాయవద్దని ముగ్గురూ కోరారు కాబట్టి రాయడం లేదు. బెంగళూరు మారతహళ్ళి దగ్గర మా అపార్ట్‌మెంటులో ఉండే తెలుగువారికి వారిలో ఇద్దరెవరో ఎలాగూ తెలిసిపోతుంది.

ఆ సాయంత్రం రిచ్‌మండ్ రోడ్డులో వాన పడుతోంది. వెనక వాహనాలు ఆగకుండా హారన్లు కొడుతుంటే, కారును తొందరగా ఎడమ పక్కకు తీసి ఆపబోయాను. ముందు చక్రం ఫుట్‌పాత్ అంచున ఉన్న గ్రానైట్ రాయికి కరకరమని రాసుకుంటూ పోయింది. వెనక చక్రం రాళ్ల మధ్య సందులోకి దిగి, అవతలి రాతి మూలకు గట్టిగా తగిలింది. దిగి చూస్తే ముందు చక్రం అంచు చుట్టూ గీతలు పడి, పూత లేచిపోయి, తెల్లని లోహం బయటపడి ఉంది. వెనక చక్రం మీద బొటనవేలి గోరంత చెక్కు మాత్రమే కనిపించింది. అందుకే నా దిగులంతా ముందు చక్రం గురించే.

మరునాడు దగ్గరలోని ఒక షాపుకు వెళ్తే, వాళ్లు టైరు విప్పకుండానే పుట్టీ పెట్టి, దాని మీద సిల్వర్ స్ప్రే కొట్టి, గంటలో పంపించేశారు. చూడటానికి కొత్తవాటిలా ఉండటంతో నేనూ సంతోషించాను. రెండు నెలలు తిరగకుండానే ముందు చక్రం మీద పూత కింద వానపాము జాడల్లాంటి తెల్లని చారలు పాకడం మొదలైంది. వెనక టైరులో గాలి పది రోజులకు 33 నుంచి 26కు దిగిపోతోంది. గాలి పట్టే షాపువాళ్లు వాల్వు మీద అనుమానపడి దాన్ని మార్చారు, అయినా గాలి దిగడం ఆగలేదు.

నా మొదటి కృతజ్ఞత మా కింది అంతస్తులో ఉండే పెద్దాయనకు. మదనపల్లె వైపు నుంచి వచ్చి, జాలహళ్ళి హెచ్‌ఎంటి కర్మాగారంలో జీవితమంతా లేత్ (లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రం) మీద పనిచేసి రిటైరైన మనిషి. నేను మళ్లీ గాలి పట్టించుకోవడానికి బయలుదేరుతుంటే ఆపి, "బాబూ, గాలి పట్టించడం తరువాత, అది ఎక్కడినుంచి పోతోందో చూద్దాం ఉండు" అని, చెంబులో సబ్బు నీళ్లు కలిపి తెచ్చారు. చక్రం విప్పించి, బయటి అంచు, వాల్వు మొదలు తడిపి చూశారు, ఏమీ లేదు. కారు అడుగువైపుకు ఉండే లోపలి అంచు మీద నీళ్లు పోసేసరికి, ఒక్కచోట ఆవగింజలంత బుడగలు వరసగా లేచాయి. నేను నెలలుగా బయటి గీతల గురించి బాధపడుతుంటే, అసలు దెబ్బ నాకు కనబడని వైపున ఉంది. ఆయన వెంటనే స్టెప్నీ వేయించి, అది చిన్న సైజుది కాబట్టి దాని మీద రాసి ఉన్న 80 కిలోమీటర్ల వేగం దాటవద్దని హెచ్చరించి, మరుసటి రోజు నాతోపాటు జె.సి. రోడ్డుకు వచ్చారు.

రెండో కృతజ్ఞత అక్కడ చక్రాలు బాగుచేసే మేస్త్రీకి. గౌరిబిదనూరు మనిషి, కన్నడం కలిసిన తియ్యని తెలుగు. టైరు విప్పేటప్పుడు యంత్రం కొక్కెం రిమ్ముకు, అంటే టైరు ఎక్కే లోహపు చక్రానికి, తగలకుండా ప్లాస్టిక్ తొడుగు వేయడంలోనే ఆయన పనితీరు నాకు అర్థమైంది. రిమ్మును శుభ్రంగా తుడిచి, అనుమానమున్న చోట ఎర్రని రంగు ద్రవం కొట్టి, పది నిమిషాలు ఆగి, పైపైన ఉన్న రంగునంతా గుడ్డతో తుడిచేసి, ఆ తరువాత తెల్లని పొడిలాంటి స్ప్రే కొట్టారు. తెల్లని పొర ఆరుతుండగా, మా కళ్ల ముందే, వెంట్రుక వంటి ఎర్రని గీత ఒకటి మెల్లగా పైకి తేలింది. పగులులోకి దిగిన రంగును పొడి బయటికి పీల్చిందని ఆయన చెప్పారు. పెద్దాయన స్కేలుతో కొలిస్తే ఆ గీత దాదాపు నాలుగు సెంటీమీటర్లుంది.

వెల్డింగ్ చేసి ఇమ్మని అడిగినది నేనే. ఆయన ఒప్పుకోలేదు. "వెల్డింగ్ చేసిస్తాను సార్, డబ్బులూ తీసుకుంటాను. రేపు హొసూరు రోడ్డులో మీ వెనక సీట్లో పిల్లలుంటారు గదా" అన్నారు. పెద్దాయన దానికి కారణం వివరించారు. ఈ చక్రాలు మామూలుగా ఏడు శాతం దాకా సిలికాన్, కొద్దిగా మెగ్నీషియం కలిసిన అల్యూమినియంతో పోతపోసి, ఆ తరువాత కొలిమిలో కాచి, చల్లార్చి, మళ్లీ మితమైన వేడిలో ఉంచి బలం తెచ్చినవి. పదును పెట్టిన కత్తిని మళ్లీ మంటలో పెడితే పదును పోయినట్టే, వెల్డింగ్ వేడి తగిలిన చోట ఆ బలం పోతుంది, పైకి అతుకు ఎంత నున్నగా కనబడినా సరే. అందువల్ల వెనక చక్రానికి బదులు కంపెనీదే కొత్తది తెప్పించాను. పరీక్షకుగాని, సలహాకుగాని మేస్త్రీ పైసా తీసుకోలేదు.

ముందు చక్రానికి అదే పరీక్ష చేస్తే పగులు లేదు, తిప్పి చూస్తే వంపు కూడా లేదు. ఉన్నవి గీతలే కాబట్టి బాగుచేయవచ్చని తేలింది. అది ముఖం మీద సన్నని మెరుపు గీతలు తేలిన డైమండ్ కట్ రకం. లేత్ మీద మళ్లీ ఒక పొర తీస్తే మునుపటి మెరుపు వస్తుంది గానీ, తీసిన ప్రతిసారీ లోహం పలచబడుతుంది కనుక అది ఎన్నిసార్లయినా చేసే పని కాదు. జీవితమంతా లోహం చెక్కిన పెద్దాయనే "లోహం తీయకుండా జరిగే పనికి లోహం ఎందుకు తీయడం, రంగు వేయించు బాబూ" అంటే, నేను ఆయన మాటే విన్నాను. మెరుపు పోయినందుకు నాకేమీ లోటు అనిపించడం లేదు.

పాత పుట్టీ, పాత పూత పూర్తిగా గీకి, చారలున్న మేరకు శుభ్రమైన లోహం కనబడేదాకా రుద్ది, రుద్దుడు కాగితం (వాటర్ పేపర్) 320 నంబరుతో మొదలుపెట్టి ఇంకా నున్నని 400, 600 దాకా వెళ్లారు. లోతైన చోట మాత్రం అల్యూమినియం పొడి కలిసిన ఎపాక్సీ (గట్టిపడే జిగురు) పట్టించి మళ్లీ సాపు చేశారు. అల్యూమినియానికి పట్టుకునే ఎచ్ ప్రైమరు, దాని మీద సిల్వర్, ఆపైన రంగులేని పై పూత, క్లియర్ కోట్, వేశారు. మొదటి షాపులో ఈ ప్రైమరే లేదు, అందుకే పూత అడుగుకు నీరు చేరింది. చక్రం అదరకుండా తిరిగేలా చేసే బ్యాలెన్సింగుకు అంచుకు కొట్టే ఇనుప క్లిప్పు బరువులు కొత్త పూతను గీకుతాయని, లోపలివైపు అంటించే బరువులు వాడారు. క్లియర్ కోట్ గట్టిపడే దాకా వారం రోజులు కడగవద్దన్నారు.

మూడో కృతజ్ఞత మా పై అంతస్తు తమ్ముడికి. నట్లు ఎంత బలంతో బిగుస్తున్నాయో చూపే తన టార్క్ రెంచ్ తెచ్చి, నట్లు ఒకదాని ఎదురుగా ఒకటి చొప్పున, నా కారు పుస్తకంలో రాసిన 110 న్యూటన్ మీటర్లకు బిగించాడు. నేను మరిచిపోతానని తెలిసి, వంద కిలోమీటర్లు తిరిగిన తరువాత తనే గుర్తుపెట్టుకుని వచ్చి మళ్లీ బిగింపు చూశాడు. రివర్సులో వెళ్లేటప్పుడు ఎడమ అద్దాన్ని కిందికి వంచి, వెనక చక్రం, రాయి రెండూ కనబడేలా పెట్టుకోవడం కూడా అతడే బేస్‌మెంటులో ఒక ఆదివారం ఉదయమంతా నాచేత సాధన చేయించాడు. రిమ్ము చుట్టూ అంటించే ప్లాస్టిక్ పట్టీలు కొందామనుకుంటే, వాటి కింద మట్టి, నీరు నిలుస్తాయని వద్దన్నాడు. ఈసారి టైర్లు మార్చేటప్పుడు రిమ్ముకన్నా కాస్త బయటికి వచ్చే రబ్బరు అంచు ఉన్నవి చూసుకోమన్నాడు, అలాగే చేస్తాను. యాసిడ్ క్లీనర్లు మానేసి, చక్రాలు చల్లబడిన తరువాత మామూలు కారు షాంపూతో బ్రేకు మసి కడుగుతున్నాను.

పగిలిన చక్రాన్ని పాత ఇనుముకు అమ్మే ముందు, దాన్ని ఎవరో అతికించి మరొకరికి అంటగట్టకుండా రెండు ముక్కలుగా కోయడానికి మేస్త్రీ నా అనుమతి అడిగారు. సంతోషంగా ఒప్పుకున్నాను. ఎర్రని గీత ఇంకా కనబడే ముక్క ఒకటి పెద్దాయన తమ ఇంట్లో ఉంచుకున్నారు. చూడాలనుకునేవారు సాయంత్రం ఆరు తరువాత వస్తే చూపిస్తామని చెప్పమన్నారు.