మూసీ ఒడ్డు పార్కు మెట్ల గురించి మున్సిపల్ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కమిషనర్ గారికి నమస్కారాలు.

అనంతగిరి కొండల్లో పుట్టి మన నల్గొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే మూసీ, మా పార్కును ఒరుసుకుంటూ పోతుంది. సాయంత్రమైతే సగం ఊరు అక్కడే. బతుకమ్మలను నీళ్లలో వదిలేదీ ఆ మెట్ల మీద నుంచే.

ఆ మెట్ల రెయిలింగ్ విరిగి ఏడాది దాటింది. నాచు పట్టిన మూడో మెట్టు మీద కాలు జారి మా అమ్మ మణికట్టు విరిగింది. ఇప్పటికీ జడ తానే వేసుకోలేదు. పిల్లలు దిగకుండా ఎవరో పాత చీర అడ్డంగా కట్టారు. ఇవాళ్టికి అదే రక్షణ.

మూడు అర్జీలిచ్చాను, జవాబు రాలేదు. అందుకే అందరి ముందూ అడుగుతున్నాను. బతుకమ్మ పండుగలోపు రెయిలింగ్ వేయించండి, నాచు గీకించండి, మెట్ల దగ్గర లైట్లు పెట్టించండి. పని ఎప్పుడు మొదలవుతుందో రాతపూర్వకంగా తెలపండి.

ఇట్లు,
పార్కుకు రోజూ వచ్చే పట్టణవాసి