దీవికి వెళ్లేవారు ముందు తిరుగు పడవ వేళ చూసుకోవాలి

సంపాదకులు గారికి,

సెలవులు వస్తే చాలు, పర్యాటక పేజీల్లో దీవుల ఫొటోలు, పొద్దున పడవ ఎన్నింటికో వివరాలు వస్తాయి. సాయంత్రం ఆఖరి పడవ ఎన్నింటికి, అది రాకపోతే ఏం చేయాలి అన్నది మాత్రం ఉండదు. పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావాలనుకునేవారికి అసలు కావలసింది అదే.

ప్రయాణం లెక్క వెనక నుంచి వేసుకోవాలి. ఆఖరి పడవ 5.30కి, దాని ముందుది 3.30కి ఉందనుకుందాం. ఎక్కాల్సింది 3.30 పడవ. ఆఖరిది ఆపద్ధర్మానికి అట్టిపెట్టుకోవాలి. సెలవు రోజు సాయంత్రం దీవిలో ఉన్న జనమంతా ఆ ఒక్క పడవకే వస్తారు. పొద్దున నాలుగు ట్రిప్పుల్లో దిగినవాళ్లు ఒక్క ట్రిప్పులో పట్టరు, పట్టించకూడదు కూడా. రానూపోనూ టికెట్ ఉన్నంత మాత్రాన సీటు ఖాయం కాదు. టికెట్ మీద తిరుగు పడవ వేళ రాసి ఉందో లేదో కొనేటప్పుడే చూసుకోవాలి. వేళల పట్టిక అడుగున చిన్న అక్షరాల్లో ఆదివారాల, పండుగల, సీజన్ల మార్పులు ఉంటాయి. చాలామంది దెబ్బతినేది అక్కడే.

ఇప్పుడు దీవిలో మిగిలే సమయం చూడండి. పొద్దున 9 గంటల పడవ, ముప్పావు గంట ప్రయాణం అంటే 9.45కి దిగుతారు. 3.30 పడవకు 3 గంటలకల్లా రేవులో ఉండాలి. మిగిలింది అయిదుంపావు గంటలు. చూడాల్సిన చోటు రేవు నుంచి 3 కిలోమీటర్లయితే చదునైన బాటలో ముప్పావు గంట, ఇసుకలో గంట నడక. రానూపోనూ రెండు గంటలు పోతే చేతిలో ఉండేది మూడుంపావు గంటలే. రెండు చోట్లు చూద్దామనుకునేవారు ఒకటి వదులుకోవడం మంచిది.

ఆటుపోట్ల సంగతి ఎవరూ చెప్పరు. సముద్రపు నీరు పైకెక్కడం పోటు, కిందికి దిగడం పాటు. చాలా తీరాల్లో ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు ఉంటుంది. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు నీరు బాగా పైకెక్కి బాగా కిందికి పోతుంది. పాటు మొదలయ్యాక నీరు అన్ని గంటల్లోనూ ఒకేలా తగ్గదు. పోటుకూ పాటుకూ తేడా 3 మీటర్లనుకుంటే మొదటి గంటలో 25 సెంటీమీటర్లు, రెండో గంటలో 50, మూడు, నాలుగు గంటల్లో 75 చొప్పున, తర్వాత 50, చివర 25 తగ్గుతుంది. అంటే నడిమి రెండు గంటల్లోనే మీటరున్నర దిగిపోతుంది. దిగినప్పుడు పడవ అంచుకు సమానంగా ఉన్న రేవు మెట్టు, తిరిగి ఎక్కేసరికి తలకు పైన ఉండొచ్చు. అప్పుడు బయటపడే కింది మెట్ల మీద పాచి ఉంటుంది, వృద్ధులు జారేది వాటి మీదే. నీటి లోతు చాలకపోతే పడవ రేవుకు రాకుండా బయటే ఆగుతుంది. ఇసుక తిన్నె మీదుగా పక్క దిబ్బకు నడిచి వెళ్లేవారు పోటు వేళ చూసుకోకపోతే అక్కడే చిక్కుకుంటారు.

గాలి విషయంలో చాలామంది బయల్దేరే వేళకే సూచన చూసుకుంటారు. చూడాల్సింది తిరిగొచ్చే వేళకు. ఎండ ముదిరి నేల వేడెక్కాక సముద్రం మీది నుంచి గాలి అందుకుంటుంది. పొద్దున అద్దంలా ఉన్న నీళ్లు మూడు గంటలకు నురగలు కక్కుతాయి. సూచన నాట్లలో ఉంటే 1 నాట్ గంటకు 1.85 కిలోమీటర్లు. 11 నుంచి 16 నాట్ల గాలికే అలల మీద తెల్లటి నురగ తరచుగా కనిపిస్తుంది. 17 దాటితే చిన్న పడవలో ప్రయాణం కష్టం, 22 దాటితే పడవలు ఆగిపోయే అవకాశం ఎక్కువ. నీటి ప్రవాహానికి ఎదురుగా గాలి వీస్తే అదే గాలికి అలలు నిటారుగా, దగ్గరదగ్గరగా లేస్తాయి. అలాంటి రోజు పడవ నడిపే సరంగు రానంటే వాదించకండి.

కడుపులో తిప్పే స్వభావం ఉన్నవారు మాత్ర బయల్దేరడానికి గంట ముందే వేసుకోవాలి. వాంతులు మొదలయ్యాక వేసుకుంటే అది కడుపులో నిలవదు. కొన్ని మాత్రలు మగత తెస్తాయి. గర్భిణులు, వేరే మందులు వాడుతున్నవారు ముందే డాక్టరును అడగాలి. పడవ మధ్యలో కూర్చుని దూరాన నీరూ ఆకాశమూ కలిసే గీత చూడాలి. ఫోన్ చూడకూడదు.

పడవ ఎక్కేటప్పుడు సంచి వీపుకు వేసుకుని రెండు చేతులూ ఖాళీగా ఉంచుకోవాలి. అలకు పడవ పైకి లేచి క్షణం నిలిచినప్పుడు అడుగు వేయాలి, దూకకూడదు. పడవకూ రేవుకూ మధ్య చెయ్యిగానీ కాలుగానీ పెట్టకూడదు. పిల్లల లైఫ్ జాకెట్‌ను వయసును బట్టి కాదు, బరువును బట్టి ఎంచాలి. బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. చెవుల దాకా లేచిందంటే అది నీళ్లలో పిల్లవాణ్ణి కాపాడదు, వేరేది అడగండి.

చాలా చిన్న దీవుల్లో నేల కింద మంచినీరు ఉప్పునీటి మీద పొరలా తేలుతుంటుంది. జనం పెరిగి ఎక్కువగా తోడితే కిందనున్న ఉప్పునీరు పైకొస్తుంది. కనుక ఎండ రోజున మనిషికి 2 నుంచి 3 లీటర్ల నీళ్లు మనమే తీసుకెళ్లడం న్యాయం. ఖాళీ సీసాలు మళ్లీ మన సంచిలోనే రావాలి. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ఫోన్ ఛార్జింగ్ త్వరగా అయిపోతుంది, తిరుగు పడవ వేళలు కాగితం మీద రాసుకోండి. ఏ పడవకు వస్తున్నారో ఒడ్డున ఒకరికి చెప్పి వెళ్లండి, చేరాక వారికి తప్పక ఫోన్ చేయండి.

దీవుల గురించి రాసే ప్రతి వ్యాసం పక్కన మీరు ఒక చిన్న పెట్టె కట్టి చివరి రెండు తిరుగు పడవల వేళలు, రేవు ఫోన్ నంబరు, పోటు, పాటు వేళలు వేయండి. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది కనుక శుక్రవారం సంచికలోనే శని, ఆదివారాలకు విడివిడిగా ఇవ్వాలి.

– ఒక పాఠకుడు