బస్సుల లెక్క సరే, కంప్రెషర్ల లెక్కేది?

సంపాదకులకు,

సిటీ బస్సులను సీఎన్జీకి మారుస్తామని ప్రకటన వచ్చినప్పుడల్లా అందులో బస్సుల సంఖ్య ఉంటుంది. ఏ డిపోలో గంటకు ఎన్ని కిలోల గ్యాస్, ఎంత ఒత్తిడితో ఎక్కుతుందో మాత్రం ఉండదు. 1998 జులైలో సుప్రీంకోర్టు ఢిల్లీ బస్సులన్నీ 2001 మార్చి 31లోగా సీఎన్జీకి మారాలని ఆదేశిస్తే అక్కడ జరిగిందీ ఇదే. బండ్లు వచ్చాయి, గ్యాస్‌ను నొక్కి నింపే కంప్రెషర్లు వెనకబడ్డాయి, బంకుల ముందు గంటల తరబడి బారులు తీరాయి.

60 బస్సుల డిపో అనుకుందాం. రాత్రి 10కి లోపలికొచ్చినవి తెల్లారి 4కు బయల్దేరాలి. బస్సుకు సగటున 80 కిలోల చొప్పున 4,800 కిలోలు నింపాలి. గంటకు 1,200 ఘనపు మీటర్ల కంప్రెషర్ ఇచ్చేది 850 కిలోలు, అటూ ఇటూ. ఆరు గంటలూ ఆగకుండా తిరిగితే బొటాబొటిగా సరిపోతుంది. ఒక్క వాల్వు మొరాయించినా, గంట కరెంటు పోయినా తొలి ట్రిప్పులు గల్లంతే. అలాంటి డిపోకు రెండో కంప్రెషర్ విలాసం కాదు.

పైపులైను చేరని డిపోల సంగతి ఇంకా కష్టం. పైపులైను ఉన్న పెద్ద బంకులో (మదర్ స్టేషన్) 250 బార్ (ఒత్తిడి కొలత) వరకు నింపిన సిలిండర్ల వరుసను లారీ మీద తెచ్చి నింపుతారు. ఒత్తిడి మళ్లీ పెంచే బూస్టర్ యంత్రం లేకపోతే, ఆ వరుసలో ఒత్తిడి 200కు దిగిన క్షణం నుంచి ఏ బస్సుకూ నిండు ట్యాంకు దక్కదు. మొత్తం 720 లీటర్ల సిలిండర్లున్న బస్సులో 200 బార్ దగ్గర సుమారు 115 కిలోలు పడితే, 150 బార్ దగ్గర 85 మించవు. అడుగున మిగిలే పదీ పదిహేను కిలోలు ఇంజిన్‌కు అందవు. కిలోకు మూడు, మూడున్నర కిలోమీటర్ల లెక్కన రోజుకు 250 తిరగాల్సిన బస్సు సాయంత్రానికి మళ్లీ బంకు దారి పడుతుంది.

ఎండాకాలంలో మరో తంటా. గ్యాస్ వేగంగా ఎక్కితే సిలిండర్ వేడెక్కి, మీటరు తొందరగా 200 చూపిస్తుంది. అరగంట తర్వాత చూస్తే 165. లీకనో, బంకువాడి మోసమనో తగాదాలు వస్తాయి. నిజానికి చల్లబడ్డాక ఒత్తిడి తగ్గిందంతే. రాత్రంతా బస్సు డిపోలోనే ఉంటుంది కాబట్టి నిదానంగా నింపే లైన్లు వేస్తే ఈ పేచీ చాలావరకు తీరుతుంది.

డీజిల్ షెడ్డునే సీఎన్జీకి వాడుకోవడం అసలైన ప్రమాదం. ఎల్పీజీ కిందికి దిగుతుంది, సీఎన్జీలో ఉండే మీథేన్ పైకి లేస్తుంది. రేకుల కప్పు కింద గాలి పోయే దారి లేకపోతే అక్కడే పేరుకుంటుంది, సరిగ్గా ట్యూబ్‌లైట్లూ స్విచ్చులూ ఉన్నచోట. కప్పు శిఖరాన వెంటిలేటర్, దాని కిందే గ్యాస్ డిటెక్టర్, స్పార్కు రాని దీపాలు తప్పనిసరి. బస్సుకు వెల్డింగ్ పెట్టేముందు సిలిండర్ వాల్వులు మూయాలి, బ్యాటరీ తీసేయాలి.

బస్సు దారిలో ఆగితే నింద ఇంజిన్ మీద పడుతుంది గానీ చాలాసార్లు దోషం గ్యాస్ ఒత్తిడి తగ్గించే రెగ్యులేటర్‌ది. 200 బార్ గ్యాస్ ఒక్కసారిగా తక్కువ ఒత్తిడికి దిగేటప్పుడు విపరీతంగా చల్లబడుతుంది. రెగ్యులేటర్‌ను వెచ్చగా ఉంచేది ఇంజిన్‌లో తిరిగే వేడి నీరు, అంటే కూలెంటే. కూలెంట్ తగ్గితే రెగ్యులేటర్ గడ్డకట్టి బండి కొట్టుకుంటూ నడుస్తుంది. కంప్రెషర్ ఆయిల్ గ్యాస్‌తో కలిసి వచ్చి ఇంజెక్టర్లను జిగురు చేయడం మరొకటి. ఫిల్టర్ అడుగున చేరినది క్రమం తప్పక తీసేస్తే చాలు.

సిలిండర్లకు మూడేళ్లకోసారి నీటి ఒత్తిడి పరీక్ష చేయించాలి. అందుకు వాటిని బస్సు నుంచి విప్పి పంపాలి. అదనపు సెట్లు లేని డిపోలో అన్నాళ్లూ బస్సు మూలన పడి ఉంటుంది, లేదంటే గడువు దాటిన సిలిండర్‌తోనే తిరుగుతుంది. ప్రతి పాతిక బస్సులకు కనీసం రెండు సెట్లు టెండర్‌లోనే చేర్చాలి. తర్వాత విడిగా కొందామంటే ఆ ఫైలు కదలదు.

— విశ్రాంత డిపో ఇంజినీర్లు, విజయవాడ