రక్తం తుడిచేస్తే హింస తగ్గినట్టా?

సంపాదకులు గారికి,

నమస్కారం. యాక్షన్ సినిమాలకు, వీడియో గేములకు ఇచ్చే వయసు రేటింగ్‌ని తల్లిదండ్రులు ఒక భరోసాగా తీసుకుంటారు. పాత సిరీస్‌లో కొత్త భాగానికి రేటింగ్ తగ్గిందంటే చంపుకోవడాలు కూడా తగ్గి ఉంటాయనుకుంటారు. చాలాసార్లు తగ్గేది తెర మీద కనబడే రక్తం మాత్రమే. ఈ విషయం మీద మీ పత్రికలో చర్చ జరగాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

‘డై హార్డ్’ సిరీస్‌నే చూడండి. 1988లో వచ్చిన మొదటి సినిమాకు అమెరికాలో ‘ఆర్’ రేటింగ్ ఇచ్చారు. అంటే 17 ఏళ్లలోపు వాళ్లు పెద్దవాళ్ల తోడు లేకుండా థియేటర్‌కి వెళ్లకూడదు. 2007లో వచ్చిన నాలుగో భాగానికి ‘పీజీ-13’ దక్కింది. దీని కింద తల్లిదండ్రులకు గట్టి హెచ్చరిక ఉంటుంది గానీ పిల్లల్ని గుమ్మం దగ్గర ఎవరూ ఆపరు. మొదటి భాగం నుంచీ హీరో నోట వినబడే ఊతపదం చివర ఒక బూతుమాట ఉంటుంది. నాలుగో భాగం థియేటర్ ప్రింటులో ఆ మాట వినబడకుండా దాని మీద తుపాకీ పేలిన శబ్దం వేశారు. బూతుని దాచడానికి తుపాకీ పనికొచ్చిందంటే, దేన్ని ప్రమాదంగా చూస్తున్నామో అర్థమవుతోంది. తర్వాత అదే సినిమాని బూతులు, రక్తం పెంచి ‘అన్‌రేటెడ్’ (రేటింగ్ లేనిది) పేరుతో డీవీడీగా అమ్మారు.

ఇది ఒక్క సినిమా సంగతి కాదు. అమెరికా పద్ధతిలో ఒక ఘాటైన బూతుమాట ఒకసారికి మించి వినబడితే సాధారణంగా పీజీ-13 పోతుంది. మాటల్ని అలా లెక్కపెడతారు. పడిపోయే మనుషులకు మాత్రం అలాంటి లెక్క ఏదీ లేదు. నత్తితో బాధపడే రాజు కథ ‘ది కింగ్స్ స్పీచ్’కి 2010లో ఆర్ రేటింగ్ వచ్చింది కేవలం చికిత్స సన్నివేశంలోని బూతుల వల్ల. వరసగా మనుషుల్ని కాల్చుకుంటూ పోయే సినిమాలు ఎన్నో పీజీ-13తో దర్జాగా బయటికొచ్చాయి.

అసలు పీజీ-13 పుట్టిందే హింస గురించిన ఆందోళనతో. 1984లో ‘ఇండియానా జోన్స్’ రెండో భాగం, ‘గ్రెమ్లిన్స్’ రెండూ పీజీతో (తల్లిదండ్రుల సలహా ఉంటే మంచిదని చెప్పే, అంతకంటే తేలికైన రేటింగ్‌తో) విడుదలైతే పిల్లలతో వెళ్లిన తల్లిదండ్రులు బెదిరిపోయారు. ‘ఇండియానా జోన్స్’ దర్శకుడు స్పీల్‌బర్గ్ స్వయంగా మధ్యలో ఇంకో మెట్టు ఉండాలని సూచించారు. అదే ఏడాది పీజీ-13 వచ్చింది. మంచి ఉద్దేశమే. కానీ క్రమంగా పెద్ద నిర్మాణ సంస్థలకు అది ఎక్కువ టికెట్లు తెగే దారిగా మారిపోయింది. ‘పీడియాట్రిక్స్’ అనే వైద్య పత్రికలో 2013లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం, పీజీ-13 సినిమాల్లో తుపాకీ హింస 1985 నుంచి మూడు రెట్లకు పైగా పెరిగింది. 2012 నాటికి ఆర్ సినిమాలనే దాటిపోయింది.

‘టెర్మినేటర్’ మొదటి మూడు భాగాలకు ఆర్, 2009లో, 2015లో పీజీ-13, 2019లో మళ్లీ ఆర్. ‘ఎక్స్‌పెండబుల్స్’ మూడో భాగానికి 2014లో రేటింగ్‌ని ఆర్ నుంచి పీజీ-13కి తగ్గించి, అది తప్పు లెక్క అని హీరో స్టాలోన్ తర్వాత ఒప్పుకున్నారు. నాలుగో భాగం ఆర్‌తోనే వచ్చింది. రేటింగ్ పిల్లల వయసుని బట్టి కాకుండా వసూళ్ల అంచనాని బట్టి కిందికీ పైకీ నడుస్తోందనడానికి ఇంతకంటే ఏం కావాలి?

గేముల కథ కూడా ఇంతే. 1993లో ‘మోర్టల్ కాంబాట్’ అనే కొట్లాట గేమ్ ఇంటి వెర్షన్ విడుదలైనప్పుడు నింటెండో కంపెనీ తన గేమ్ మెషీన్లో రక్తాన్ని చెమటగా మార్పించింది. పోరాటంలో దెబ్బలు మాత్రం అవే. పోటీ కంపెనీ సెగా మెషీన్లో ఒక కోడ్ నొక్కితే రక్తం కనబడేది, జనం దానివైపే మొగ్గారు. రెండో భాగానికి నింటెండో కూడా రక్తాన్ని ఉంచేసింది. ఆ గొడవల మధ్యే అమెరికా సెనేట్ విచారణ జరిగి, 1994లో గేములకు వయసు రేటింగ్ ఇచ్చే సంస్థ ఈఎస్‌ఆర్‌బీ రేటింగులు మొదలయ్యాయి. తర్వాత ‘కాల్ ఆఫ్ డ్యూటీ’ 2003లో టీనేజర్లకు తగినదిగా మొదలై 2007 నుంచి 17 ఏళ్లు నిండినవాళ్ల గేమ్ అయింది. ‘హేలో’ దీనికి విరుద్ధంగా, పెద్దవాళ్ల రేటింగ్ నుంచి 2015లో టీనేజ్ రేటింగ్‌కి దిగింది.

పిల్లలు మాత్రం భాగం నంబరు చూసి అభిమానించరు, పేరు చూసి అభిమానిస్తారు. పదమూడేళ్లప్పుడు ఆడిన గేమ్ తర్వాతి భాగం కావాలని అడుగుతారు. పెద్దల కోసం తీసిన 1987 నాటి ‘రోబోకాప్’కి మరుసటి ఏడాదే పిల్లల కార్టూన్ వచ్చింది. అంత చిన్న వయసులో ఆ బొమ్మని ప్రేమించిన పిల్లవాడు అసలు సినిమా అడగకుండా ఎలా ఉంటాడు?

సినిమా చూసిన ప్రతి పిల్లాడూ తుపాకీ పడతాడని నేననడం లేదు. నా బాధ వేరు. గుండు తగిలిన మనిషి నెత్తురు లేకుండా, కేక లేకుండా తెర పక్కకి పడిపోతే, అతనికి నొప్పి ఉంటుందనీ, ఇంటి దగ్గర ఎవరో ఎదురుచూస్తుంటారనీ చూసే పిల్లవాడికి తట్టదు. ఒక్క చావుని దాని బాధతో సహా చూపించే సినిమా పెద్దలకు మాత్రమే అవుతోంది. వంద చావుల్ని ఆటలా చూపించేది పిల్లలకు అందుతోంది. ఒక తల్లిగా నాకు రెండోదే ఎక్కువ భయం కలిగిస్తుంది. రేటింగ్ ఇచ్చేవాళ్లు ఎంత రక్తం కారిందని మాత్రమే చూడకుండా, ఎంతమంది చచ్చారు, ఆ చావు ఎవరికైనా పట్టిందా అని కూడా చూడాలి.

అది మారేలోపు మీరు చేయగలిగింది ఒకటుంది. మీ సమీక్షల చివర రేటింగ్ అక్షరం ఒక్కటే కాకుండా అది ఎందుకు వచ్చిందో ఒక వాక్యం వేయండి. బ్రిటన్ సెన్సార్ సంస్థ బీబీఎఫ్‌సీ, గేములకు ఈఎస్‌ఆర్‌బీ ఆ కారణాలను బహిరంగంగానే ఇస్తున్నాయి, వెతకాల్సిన పని కూడా లేదు. సిరీస్‌లో కొత్త భాగమైతే ముందు భాగాల రేటింగ్ ఏమిటో, ఇప్పుడు ఎందుకు మారిందో చెప్పండి. ఇంట్లో చూసే వెర్షన్ వేరుగా ఉంటే అది కూడా. ముఖ్యంగా సెలవులకు ముందు వచ్చే సినిమాలకు, గేములకు ఈ పద్ధతి మొదలుపెట్టమని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు, ఒక తల్లి