ఒప్పందం చూపించాకే తుది ఓటు

ఐరోపా సమాఖ్య నుంచి బ్రిటన్ బయటికొచ్చి ఏళ్లు గడిచినా ఆ గొడవ చల్లారకపోవడానికి 2016 జూన్ 23న రెఫరెండం (ప్రజాభిప్రాయ సేకరణ) జరిపిన తీరే ప్రధాన కారణం. ఉండాలా, వెళ్లాలా అని మాత్రమే బ్యాలెట్‌లో అడిగారు. వెళ్లాక సుంకాలు, బ్రిటన్ పాలనలోని ఉత్తర ఐర్లాండ్‌కూ సమాఖ్యలోనే ఉండే ఐర్లాండ్‌కూ మధ్య సరిహద్దు ఏమవుతాయో చెప్పలేదు. అందుకే 51.9 శాతంతో ‘వెళ్లాలి’ పక్షం గెలిచినా, అప్పటి ప్రధాని థెరిసా మే తెచ్చిన నిష్క్రమణ ఒప్పందాన్ని పార్లమెంటు 2019లో మూడుసార్లు తిప్పికొట్టింది. ఓటు హక్కు విషయంలో జరిగింది మరీ అన్యాయం. కామన్వెల్త్ (ప్రధానంగా ఒకప్పటి బ్రిటిష్ పాలిత దేశాల కూటమి) పౌరులం కాబట్టి బ్రిటన్‌లో ఉంటున్న నాలాంటి తెలుగువాళ్లం భారత పాస్‌పోర్టుతోనే ఓటేశాం. మా ఆఫీసులో పనిచేసే పోలండ్ ఆవిడ ఎన్నో ఏళ్లుగా ఇక్కడే పన్నులు కడుతోంది, పిల్లలు ఇక్కడే పుట్టారు, అయినా ఆమెకు ఓటు లేదు. ఫలితం వచ్చిన రోజే ‘నన్ను పంపించేస్తారా?’ అని హెచ్‌ఆర్‌ వాళ్లను అడిగింది. సమాఖ్యలో మళ్లీ చేరే ప్రశ్న ప్రజల ముందుకొస్తే రెండు విడతల్లో ఓటింగ్ పెట్టాలి: ముందు చర్చలకు అనుమతి, తర్వాత కుదిరిన ఒప్పందాన్ని చేతికిచ్చి తుది తీర్పు. ఐదేళ్లకు పైగా స్థిరపడిన ఐరోపావాసులకూ అందులో ఓటు ఉండేలా పార్లమెంటు ముందే చట్టం చేయాలి.

– ఓ ప్రవాస తెలుగు పాఠకుడు, లండన్