వార్షిక నివేదిక: ఆస్తి పన్ను సవరణ బిల్లుకు మద్దతు అడగాలా?

గౌరవ సభ్యులకు నమస్కారం.

కాలువల పూడికతీత, వీధి దీపాల వివరాలు, జమాఖర్చులు విడిగా జతపరిచాం. ఈ ఏడాది సమావేశాల్లో ఎక్కువగా నలిగింది ఆస్తి పన్నే. ఉన్నది అలాగే ఉంచడం, పూర్తిగా రద్దు చేయడం కాక మధ్యేమార్గంగా ఏదైనా సవరణ బిల్లు వస్తే, దానికి ఓటెయ్యమని మన తిరుపతి ఎమ్మెల్యేని అడగాలా, వద్దా?

2020లో చట్టం మారాక, 2021 ఏప్రిల్ 1 నుంచి పన్ను అద్దె విలువ మీద కాక మూలధన విలువ (రిజిస్ట్రేషన్ విలువల ప్రకారం స్థలానికీ ఇంటికీ కట్టే విలువ) మీద పడుతోంది. ఇళ్లకు అందులో 0.10 నుంచి 0.50 శాతం. భారం ఒక్కసారే మీద పడకుండా ఏటా పెంపు 15 శాతం దాటదన్నారు. వినడానికి బాగానే ఉంది, లెక్క వేస్తేనే తెలుస్తుంది. పాత పన్ను 2,000, కొత్త లెక్కన 6,000 అనుకుందాం. మొదటి ఏడాది 2,300, రెండో ఏడాది 2,645, ఐదో ఏడాదికి 4,023, ఎనిమిదో ఏడాదికి పూర్తి ఆరు వేలు. 15 శాతం నిరుటి పన్ను మీద కదా, చక్రవడ్డీలా పెరుగుతుంది. ఈలోపు రిజిస్ట్రేషన్ విలువలు పెరిగితే (2025 ఫిబ్రవరి 1న పెరిగాయి కూడా) ఆ ఆరు వేలే ఇంకా పైకి జరుగుతుంది. కొత్త ఇంటికి పాత పన్నే ఉండదు కాబట్టి ఈ రక్షణా లేదు.

పరిమితిని 5 శాతానికి దించే బిల్లయితే మద్దతు అడగాలని కమిటీ అభిప్రాయం. అప్పుడు అదే ఇంటికి ఐదో ఏడాది పన్ను 2,553. ఒక ఏడాది వాయిదా మాత్రమే ఇచ్చే బిల్లయితే వద్దు, ఆ తర్వాత ఎక్కాల్సిన మెట్లు అవే. పన్ను తగ్గితే కాలువలకు డబ్బెక్కడిదన్న సభ్యుల మాటా కొట్టిపారేయలేం, అందుకే రద్దు కోరడం లేదు.

ఓటింగ్ రోజున అడిగి లాభం లేదు. విప్ (ఇలా ఓటెయ్యమని పార్టీ ఇచ్చే ఆదేశం) జారీ అయ్యాక ఎదురు ఓటేస్తే రాజ్యాంగం పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిరోధం) కింద ఎమ్మెల్యే పదవికే ముప్పు. ముసాయిదా దశలోనే క్లాజు నంబరు వేసి, మార్చాల్సిన వాక్యం రాసి ఇవ్వాలి. "భారం తగ్గించండి" అని మాత్రమే రాసిన వినతిపత్రం ఫైల్లోనే ఉండిపోతుంది. స్థానిక సంస్థల పన్నుకే పరిమితమైన బిల్లు రాజ్యాంగం 199(2) అధికరణ ప్రకారం ద్రవ్య బిల్లు (మండలి ఎక్కువ రోజులు ఆపలేని పన్నుల, ఖర్చుల బిల్లు) కాదు, శాసనమండలి దాన్ని మొదటిసారి మూడు నెలలు, అసెంబ్లీ మళ్లీ ఆమోదించి పంపితే ఇంకో నెల దాకా ఆపగలదు. అందుకని పట్టభద్రుల ఎమ్మెల్సీకీ ఒక ప్రతి ఇద్దాం.

ఈలోగా సభ్యులు డిమాండ్ నోటీసులో కొలతలు, భవనం వయసు, పైకప్పు రకం, వాడకం సరిచూసుకోవాలి. ముందు గదిలోని కొట్టు ఎత్తేసినా రికార్డులో వాణిజ్యంగానే మిగిలిపోవడం తరచూ కనిపించే తప్పు. సవరణకు అర్జీ పెట్టినా కట్టడం ఆపకండి, బకాయి మీద నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. ఏప్రిల్ 30లోపు ఏడాది పన్నంతా కడితే 5 శాతం రాయితీ.