కూనవరం, వర రామచంద్రపురం మండలాల ఊరి కథల పుస్తకం: జమా ఖర్చుల వివరణ

శబరి వచ్చి గోదావరిలో కలిసే కూనవరం మొదలు దిగువన పాపికొండల దాకా ఉన్న ఊళ్లలో పెద్దలు చెప్పుకునే కథలను సేకరించి పుస్తకంగా అచ్చు వేయించడానికి మీరిచ్చిన సొమ్ము ఎంత వచ్చిందో, దేనికెంత అయిందో చందాదారులందరికీ తెలియజేయడం మా సంఘం బాధ్యత గనుక ఈ వివరణ సమర్పిస్తున్నాము.

మొత్తం జమ రూ. 2,45,040. ఇందులో రెండు మండలాల గ్రామస్థుల చందాలు రూ. 1,12,400, ఉద్యోగరీత్యా దూరప్రాంతాల్లో ఉంటున్న మన ఊళ్లవారు పంపినది రూ. 86,000, మూడు వందల ప్రతులకు ముందుగా చెల్లించిన వెల రూ. 45,000, బ్యాంకు వడ్డీ రూ. 1,640.

మొత్తం ఖర్చు రూ. 2,38,940. పడవలకు, ఆటోలకు, డీజిలుకు అయిన రూ. 68,350 అచ్చు ఖర్చు రూ. 61,000 కంటే ఎక్కువగా ఉండటంపై సభ్యులు అడిగిన ప్రశ్న న్యాయమైనదే. పోలవరం ముంపు కారణంగా పలు ఊళ్లవారు పునరావాస కాలనీలకు తరలిపోవడంతో కథ చెప్పగల పెద్ద ఒకచోట, ఆ కథ జరిగిన రేవు మరోచోట అయిపోయాయి. కాలనీలో కూర్చుని చెప్పినప్పుడు నాలుగు మాటల్లో ముగిసిన కథ, ఆ పెద్దను పాత రేవుకు తీసుకువెళ్లి నిలబెట్టినప్పుడు బండరాళ్ల పేర్లతో, కలప తెప్పలు కట్టి రాజమండ్రికి వదిలిన తావులతో, 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు చేరిన నాడు శబరి ఎగదన్ని ఏ ఇంటి గడప దాకా వచ్చిందో చూపించే గుర్తులతో సహా బయటికి వచ్చింది. 2022 జూలైలో నీరు 71.3 అడుగులకు చేరినప్పుడు ఆ గుర్తుల్లో కొన్ని చెరిగిపోయాయి. ఆ రేవులను కళ్లారా చూసి చెప్పగలవారు ఉండగానే ఈ పని జరగాలని మేము గట్టిగా నమ్మాము, కనుకనే పడవ ఖర్చు తగ్గించుకోలేదు.

పాత రికార్డుల నకళ్లకు, వాటి కోసం తిరిగినందుకు రూ. 9,600 అయింది. ఈ ప్రాంతం 1860లో నిజాం నుంచి ఇంగ్లీషువారి చేతికి వచ్చి, 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలో చేరి, 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాకు మారి, 2014లో తిరిగి తూర్పు గోదావరికి వచ్చి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో భాగమైనందున కాగితాలు ఒకచోట దొరకవు. అయినా ఆ ఖర్చు వృథా కాలేదు. 1879 నాటి రంప పితూరీ రేఖపల్లి వైపు పాకడానికి పోడు మీద పెంచిన పన్నే కారణమని మన పెద్దలు చెప్పే మాటకు, మద్రాసు పాలనలోకి వచ్చాక పోడు పన్ను బాగా పెరిగిందని ఆనాటి సర్కారు రాతలే సాక్ష్యమిస్తున్నాయి. పుస్తకంలో ఆ రెండింటినీ పక్కపక్కనే ఉంచాము.

కోయ భాషలో చెప్పిన కథలను విని, అదే మాటలను తెలుగు లిపిలో రాసి, పక్కన తెలుగు అర్థం సమకూర్చిన యువతీయువకులకు గౌరవవేతనంగా రూ. 42,000 ఇచ్చాము. వారు పడిన శ్రమకు ఇది తక్కువేనని మా అభిప్రాయం. కథలు చెప్పిన పెద్దలు డబ్బు పుచ్చుకోవడానికి ఒప్పుకోనందున వారికి బట్టలు పెట్టి, వచ్చిన ప్రతిచోటా భోజనాలు ఏర్పాటు చేయడానికి రూ. 18,260 అయింది. డీటీపీకి, పటాలు గీయించడానికి రూ. 21,500, రికార్డరు, మెమరీ కార్డులకు రూ. 14,800, తపాలా, స్టేషనరీకి రూ. 3,430 ఖర్చయ్యాయి.

నిల్వ రూ. 6,100. ఇందులో రూ. 5,300 బ్యాంకులో, రూ. 800 కోశాధికారి వద్ద నగదుగా ఉన్నాయి. అచ్చయిన ఐదు వందల ప్రతుల్లో ముందుగా సొమ్ము కట్టినవారివి మూడు వందలు, కథలు చెప్పినవారికీ ఆశ్రమ పాఠశాలలకూ ఉచితంగా ఇచ్చినవి వంద పోగా, మిగిలిన వంద అమ్మకానికి ఉన్నాయి. వాటిపై వచ్చే సొమ్మును, నిల్వను కలిపి, పెద్దల గొంతులున్న రికార్డింగుల నకళ్లను ఆ పాఠశాలలకు అందజేయడానికి వినియోగించాలని సంఘం తీర్మానించింది. సంఘంలో సభ్యులు కాని ఇద్దరు గ్రామస్థులు లెక్కలను సరిచూసి సంతకం చేశారు. రసీదు పుస్తకాలు, వోచర్లు, బ్యాంకు పాస్‌బుక్కు కోశాధికారి వద్ద ఉన్నాయి, చందాదారులెవరైనా వచ్చి పరిశీలించవచ్చు.